ఆదెమ్మ కాచిన సీసా

సంజీవరావు చేత ఏదైనా పారేయించడం దేవుడి తరం కూడా కాదు. అరిగిపోయిన రబ్బరు గొట్టాలు, మూతి విరిగిన గాజు నాళాలు, మందులొచ్చిన అట్టపెట్టెలు, వాటికి చుట్టిన దారం ముక్కలు, అన్నీ ఆయన బీరువాలో భద్రంగా ఉండేవి. "ఎప్పుడు ఏది పనికొస్తుందో ఎవడికి తెలుసు?" అనేవాడు. అబద్ధమెందుకు, చాలాసార్లు పనికొచ్చేవి కూడా. ఆ గుణమే చివరికి కొంప ముంచింది. ఆయన కొంపే అయితే పోనీలే అనుకోవచ్చు. ముందు మునిగింది ఆదెమ్మ కొంప.

చిలకలూరిపేటకు నాలుగు మైళ్ళ ఇవతల, రోడ్డు పక్కన, జిన్నింగు మిల్లుల వాళ్ళు చందాలేసుకుని కట్టిన ఆసుపత్రి అది. పందొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం. మిల్లుల్లో పత్తి నూగు పీల్చి దగ్గేవాళ్ళు కొందరు, కల్లాల్లో మిరప ఘాటు పీల్చి దగ్గేవాళ్ళు కొందరు, మొత్తానికి ఊపిరితిత్తుల జబ్బులకు అక్కడ కొదవ లేదు. ల్యాబుకు పెద్ద డాక్టర్ వెంకటనారాయణ గారు. ఆయన కింద టెక్నీషియన్ సంజీవరావు. నలభై దాటినవాడు, బడిపంతులు కొడుకు, ల్యాబు పని నేర్చుకోవడానికి ఏడాది కోర్సుకొచ్చిన పిల్లలకు పాఠం చెప్పేదీ ఆయనే. ఆయన కింద ఆదెమ్మ. గాజు సామాను కడగడం, నేల తుడవడం, నీళ్ళ తొట్టి కాయడం ఆవిడ పని. యాభై ఏళ్ళ మనిషి, భర్త పోయి పదేళ్ళయింది. సంజీవరావుదీ ఆవిడదీ ఒకటే చర్చి. అందుకని చర్చిలోనూ ఇంటి దగ్గరా ఆయన్ని "తమ్ముడూ" అనేది, ల్యాబు గడప దాటితే "అయ్యగారూ" అనేది. ఆయన మాత్రం ఎక్కడైనా "ఆదెమ్మక్కా" అనే పిలిచేవాడు.

న్యుమోనియా పురుగులు రెండు రకాలుండేవి ఆ ల్యాబులో. ఒకదానికి ఒంటి మీద జిగట తొడుగు ఉంటుంది. ఆ తొడుగు ఉన్నంతవరకూ మన నెత్తుట్లో కాపలా కాసే కణాలకు అది దొరకదు, జారిపోతుంది. మనిషిని పడగొట్టేది ఆ రకమే. రెండోది తొడుగు పోగొట్టుకున్న జాతి. అది ఒంట్లోకి పోయినా కాపలా కణాలు గుటుక్కున మింగేస్తాయి. పిల్లలకు చెయ్యి తిరగడానికి వాడేది దీన్నే. ఈ సంగతి ఓ రోజు సంజీవరావు పిల్లలకు చెబుతుంటే, గచ్చు తుడుస్తున్న ఆదెమ్మ విని, "అయితే అది దిసమొల పురుగన్న మాట" అంది. పిల్లలంతా పగలబడి నవ్వారు. ఆ రోజునుంచి దాని పేరు అదే అయిపోయింది.

ఇక తొడుగున్న రకం. పేటలో పత్తి మిల్లు పనివాడు ఖాదర్ వలికి ఏళ్ళ తరబడి దగ్గు. అతని కఫంలోంచి ఆ పురుగును తీసి, మాంసం రసంలో పెంచి, చంపి, ఆ చచ్చిన పురుగుల రసాన్నే అతనికి సూదిమందుగా పొడిచేవాళ్ళు. చచ్చిన దొంగను చూపించి కాపలావాడికి దొంగ ముఖం గుర్తు చేయించడం లాంటిదే ఇదీ. మందు మరిగితే పాడైపోతుంది, చల్లగా ఉంటే పురుగు చావదు. అరవై డిగ్రీల నీళ్ళలో సరిగ్గా గంటసేపు ఉంచాలి. ఆ గంట కాపలా ఆదెమ్మది. ఆవిడకు అంకెలు రావు. అందుకని సంజీవరావు తన బీరువాలోంచి ఓ ఎర్రదారం ముక్క తీసి థర్మామీటరుకు అరవై దగ్గర కట్టాడు. పాదరసం దారాన్ని తాకి ఉండాలి, అంతే. గేటు దగ్గర గంటకోసారి కొట్టే గంట మోగగానే సీసాను తొట్టిలో దింపేది, మళ్ళీ గంట కొట్టాక తీసేది. మధ్యలో కిరసనాయిలు స్టవ్ దగ్గర కూచుని మంట పెంచుతూ తగ్గిస్తూ ఉండేది. తుమ్మొస్తే తుమ్మేది గానీ దారం మీంచి కన్ను తిప్పేది కాదు.

కాచిన తరవాత సంజీవరావు ఒక చుక్క తీసి, నెత్తురు కలిపిన జెల్లీ పళ్ళెం మీద పూసి రెండు రోజులు చూసేవాడు. బతికున్న పురుగు ఒక్కటున్నా అందులో చుక్కలు చుక్కలుగా మొలుస్తుంది. ఏమీ మొలవకపోతే రిజిస్టరులో "పెరుగుదల లేదు" అని రాసి తేదీ వేసేవాడు. ఖాదర్ వలి సీసాకు కూడా అలాగే రాశాడు.

ఆ మార్చిలో ఎండలు ముందే ముదిరాయి. దిసమొల జాతికి నలత చేసింది. గొట్టాల్లో చిక్కగా పెరగాల్సింది, అడుగున పలచగా మడ్డిలా మిగిలింది. సోమవారం పిల్లలకు ప్రాక్టికలు. ఏం చేయాలా అని ఫ్రిజ్ తలుపు తీస్తే ఖాదర్ వలి సీసా కనిపించింది. అతనికి పొడవాల్సిన ఆరు సూదులూ పొడిచేశారు. మిగులు సగానికి పైనే ఉంది. పారబొయ్యాలి. పారబొయ్యడమంటే సంజీవరావుకు ప్రాణం మీదికొస్తుందని చెప్పాగా! సీసా ఎత్తి వెలుతురులో చూశాడు. మంచి మాంసం రసం, అందులో పురుగుల సారం. పళ్ళెం మీద ఏమీ మొలవలేదన్నది తను కళ్ళారా చూసిందే. "చచ్చినదాంట్లో బలం తప్ప ఇంకేముంటుంది?" అనుకున్నాడు. రోగికి గంజి పోసినట్టు దిసమొల గొట్టాల్లో తలా కాస్త పోశాడు. కాస్త మిగిలితే మూత బిగించి ఫ్రిజ్ వెనక వరసలో దాచాడు. రిజిస్టరులో మాత్రం "మిగులు పారబోయడమైనది" అని రాశాడు, డాక్టరు గారికి ఆ ముక్క ఉండాలి కనుక.

రెండు రోజులకు గొట్టాలు మజ్జిగలా చిక్కబడ్డాయి. ఆయన సంతోషం ఇంతా అంతా కాదు.

"చూశావా ఆదెమ్మక్కా, నీ దిసమొల పురుగు పథ్యం తిని లేచి కూచుంది."

"ఏం పెట్టారయ్యగారూ?"

"అదంతా నీకెందుకులే" అని నవ్వాడు. ఓ చుక్క సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి ఉంటే సరిపోయేది. ఎప్పటి జాతేగా, చూసేదేముంది అనుకున్నాడు.

సోమవారం ప్రాక్టికలులో నాంచారమ్మ మొదటి బల్ల దగ్గర నిలబడింది. చీరాల నేతగాళ్ళ పిల్ల, పంతొమ్మిదేళ్ళు. మగ్గం ఇంట్లోంచి చదువుకొచ్చిన మొదటి ఆడపిల్ల. చెప్పింది చెప్పినట్టు చేస్తుందని సంజీవరావుకు ఆ పిల్లంటే అభిమానం. గాజు నాళంతో రసాన్ని నోటితో పీల్చి పైకి లాగడం అప్పటి పద్ధతి. దిసమొల పురుగే కదా అని ఎవరికీ జంకు లేదు. ఆ పిల్ల నాళం పెదాల మధ్య పెట్టుకుని లాగుతోంది. సరిగ్గా అప్పుడే గాలి మళ్ళింది. ఆసుపత్రి గోడ అవతల ఎకరం కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని కూలీలు తిరగేస్తున్నారు. ఘాటు కిటికీలోంచి గుప్పున లోపలికి కొట్టింది. గదిలో ఇరవై మందీ ఒక్కసారి తుమ్మారు, దగ్గారు. నాంచారమ్మకు దగ్గు తెరతో పాటు నాళంలో రసం గొంతులోకి పోయి పొలమారింది. కళ్ళనీళ్ళు కారుతుండగా, "మేస్టారూ, మింగేశానండీ" అంది.

"మింగితే ఏం కాదులేమ్మా, నీళ్ళు పుక్కిలించు" అన్నాడు సంజీవరావు. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది.

బుధవారం సాయంత్రానికి ఆ పిల్లకు పళ్ళు టకటకలాడేంత చలి పుట్టింది. గురువారం కఫం తుప్పు రంగులో పడింది. శుక్రవారానికి స్పృహ తప్పుతూ వస్తూ ఉంది. పెన్సిలిన్ మీద పెన్సిలిన్ పొడుస్తున్నారు. తండ్రి పానకాలు చీరాలనుంచి రాత్రి బస్సెక్కి వచ్చి, వార్డు వరండాలో గోడకు ఆనుకుని కూచున్నాడు. ఎవరు బయటికొచ్చినా లేచి నిలబడేవాడు.

డాక్టరు గారు ఆ పిల్ల కఫాన్ని తనే పరీక్ష చేశారు. తొడుగున్న పురుగు. ఏ తొడుగో తేల్చే సీరం మందులుంటాయి, వేలిముద్రలు పోల్చినట్టు పోల్చుకోవచ్చు. పోల్చి చూస్తే అది ఖాదర్ వలి పురుగు. ఆయన ముఖం నల్లబడింది. సంజీవరావునీ ఆదెమ్మనీ తన గదికి పిలిపించారు.

"ఖాదర్ వలి పురుగు బతికున్న గొట్టాలన్నీ నేను దగ్గరుండి మరగబెట్టించాను. ఇక మిగిలింది మందు సీసా ఒక్కటే. అంటే ఆ సీసాలో పురుగు చావలేదు. ఏ నాళం ద్వారానో అది పిల్లల గొట్టాల్లో పడింది. ఆదెమ్మా, ఆ రోజు సీసా కాస్తూ నిద్రపోయావా?"

"లేదు బాబుగారూ."

"స్టవ్ ఆరిపోయిందా? నిజం చెప్పు."

"నా బిడ్డ మీద ఒట్టు బాబుగారూ, దారం దగ్గరే ఉంది. గంట కొట్టినప్పుడు పెట్టాను, గంట కొట్టినప్పుడు తీశాను. చావకపోతే మరి ఖాదర్ వలికి ఆరు సూదులు పొడిచారుగా అందులోంచే? ఆయన దుక్కలా తిరుగుతున్నాడు. నిన్న కూడా గేటు దగ్గర బీడీ కాలుస్తూ కనపడ్డాడు."

మంచి ప్రశ్నే. కానీ గాజు సామాను కడిగే మనిషి వేసిన ప్రశ్న. డాక్టరు గారు విసుక్కున్నారు.

"అది అతని ఒంట్లో ఏళ్ళనాటి పురుగు, అతనికి అలవాటే. ఏమయ్యా సంజీవరావ్, పళ్ళెం పరీక్ష చేశావుగా? ఏమొచ్చింది?"

రిజిస్టరు పక్క గదిలో బల్ల మీదే ఉంది. "పెరుగుదల లేదండి" అంటే అయిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. అది అంటే తరవాతి ప్రశ్న ఏమిటి? "మరి మిగులు మందు ఏం చేశావు?" పారబోశానని రాసిన చేత్తోనే గొట్టాల్లో పోశానని చెప్పాలి. పిల్లల నోటి దగ్గరికి వెళ్ళే గొట్టాల్లో!

"రిజిస్టరు చూసి చెప్పాలండి."

ఇంతలో వార్డునుంచి నర్సు పరుగెత్తుకొచ్చింది, జ్వరం నూటయిదు దాటిందని. డాక్టరు గారు లేచి, వెళుతూ వెళుతూ అన్నారు. "ఈవిడను రేపటినుంచి రావద్దను. కమిటీకి నేను రాస్తాను."

ఆదెమ్మ సంజీవరావు వంక చూసింది. ఏదన్నా అంటాడేమోనని చూసింది. ఆయన బల్ల మీది సిరాబుడ్డి మూత తిప్పుతూ నిలబడ్డాడు. ఆవిడ ల్యాబులోకి వెళ్ళి, చేతులు కడుక్కుని, తుడుపుగుడ్డ పిండి మేకుకు తగిలించి, తన సద్దిగిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ వారమంతా సంజీవరావుకు అన్నం సహించలేదు. తనలో తనే తగువులాడుకున్నాడు. ఆవిడ నిజంగానే కునుకు తీసిందేమో, మనిషన్నాక అలుపుండదా అని కాసేపు. పళ్ళెం మీద ఏమీ మొలవలేదు కదా, మరి బతికున్న పురుగు ఎక్కడినుంచి వచ్చిందని కాసేపు. చచ్చిన పురుగు లేచి రాదు. దిసమొల పురుగుకు తొడుగు కుట్టుకోవడం రాదు. వస్తే గిస్తే తన పాత తొడుగే వేసుకోవాలి గానీ ఖాదర్ వలి పురుగు తొడుగెందుకు వేసుకుంటుంది? ఎటు తిప్పినా తప్పు ఆదెమ్మదే అయితే బాగుండుననే చోటికే మనసు వచ్చి ఆగేది. ఆ సంగతి ఆయనకే తెలుస్తూ ఉంది, సిగ్గేసేది, అయినా అక్కడికే వచ్చి ఆగేది.

మరుసటి బుధవారం పొద్దున, ఉండబట్టలేక, పల్లెలో ఆదెమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ కూతురు రెబ్కా నిండు నెలలతో పుట్టింటికొచ్చి ఉంది. పంచలో తల్లి బొంత కుడుతోంది. పాత చీరల ముక్కలు చుట్టూ పరిచి ఉన్నాయి.

"రా తమ్ముడూ, కూచో. ఆ పిల్లకెట్లా ఉంది?"

"ఇంకా గండం గడవలేదక్కా."

"ప్రభువు చూస్తాడు. పాపం, నన్ను నవ్వుతూ పలకరించేది."

తనను వెళ్ళగొట్టినందుకు ఒక్క మాట లేదు. ఆ పిల్ల గురించే అడుగుతోంది. సంజీవరావుకు ఎక్కడ చూడాలో తెలియక చీర ముక్కల వంక చూశాడు.

"ఇన్ని ముక్కలెక్కడివి?"

"ఆసుపత్రివే. దిక్కూమొక్కూ లేనోళ్ళు పోతే వాళ్ళ చీరలు నన్నే తీసుకెళ్ళమనేవారు. సోడాలో ఉడకబెట్టి దాచాను. మొన్నటిదాకా ఇది నా బొంతే, అంతా చిరుగులు. బిడ్డొస్తోంది గదా, అతుకులేస్తున్నా." సూది పళ్ళ మధ్య పెట్టుకుని దారం తెంపింది. "ఈ నీలం ముక్క ఎవరిదో నాకు తెలీదు. చిరుగు ఇంతుంది, ముక్క ఇంతుంది, సరిపోయింది. అంతవరకే చూస్తాం గదా. ఇది మాత్రం చూడు, ఉతికినా ఉతికినా కర్పూరం వాసన పోవట్లా."

కుట్టు మీంచి తల ఎత్తకుండా అడిగింది. "తమ్ముడూ, ఆ సీసాకి పళ్ళెం నువ్వే పెట్టావుగా? అందులో ఏమన్నా మొలిచిందా?"

ఆయన ఓ చీర ముక్క చేతిలోకి తీసుకున్నాడు. "సరిగ్గా గుర్తు లేదక్కా" అన్నాడు.

"గుర్తొస్తే డాక్టరు గారితో ఓ మాట చెప్పు. కానుపు దగ్గరకొచ్చింది, పని లేకపోతే ఎట్లా గడుస్తుంది?"

"అలాగే" అని లేచాడు. చెప్పులు తొడుక్కోవడం మరిచిపోయి వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చాడు.

మర్నాడు గురువారం. ల్యాబు వెనక రేకుల షెడ్డులో ఎలకల బోన్లుండేవి. తొమ్మిది తెల్ల ఎలకల్ని తీసి మూడేసి చొప్పున మూడు బోన్లలో పెట్టాడు. ఫ్రిజ్ వెనక దాచిన మిగులు సీసా తీశాడు. మొదటి బోనులో ఎలకలకు ఆదెమ్మ కాచిన ఆ మందు మాత్రమే పొడిచాడు. రెండో బోనుకు, వేరే గొట్టంలో మూసి ఉంచిన పాత దిసమొల జాతి మాత్రమే. మూడో బోనుకు రెండూ కలిపి. నేరం ఆదెమ్మదైతే మొదటి బోను చావాలి. సీసాలో పురుగు బతికి ఉంటే చావక తప్పదు.

చావాలనే కోరుకున్నాడు. అబద్ధమాడి లాభం లేదు. రోజుకు నాలుగుసార్లు వెళ్ళి మొదటి బోను ముందు గొంతుక్కూచుని, ఆ ఎలకలకు రోమాలు నిక్కబొడుచుకున్నాయా, కళ్ళు మూసుకుంటున్నాయా అని వెతికాడు. అవి గింజలు కొరుక్కుంటూ, మీసాలు దువ్వుకుంటూ ఆయన్నే చూసేవి. దేవుడి ముందు మోకరిల్లి, ఓ పేద ముసలమ్మ తప్పు చేసి ఉండాలని ప్రార్థన చేసినవాడు సంజీవరావు ఒక్కడే అయి ఉంటాడు.

ఆదివారం చర్చి గంట వినిపిస్తుండగా షెడ్డు తలుపు తీశాడు. మొదటి బోనులో మూడూ హుషారుగా తిరుగుతున్నాయి. రెండో బోనులోనూ అంతే. మూడో బోనులో రెండు చచ్చి పడున్నాయి, మూడోది మూలకు చేరి వణుకుతోంది. చచ్చినదాని గుండెలోంచి నెత్తుటి చుక్క తీసి, నల్లసిరాలో కలిపి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. నల్లటి సిరాలో జంటలు జంటలుగా పురుగులు. ప్రతి జంట చుట్టూ తెల్లటి తొడుగు. సీరం వేసి చూశాడు. ఖాదర్ వలి తొడుగే.

చచ్చిన మందు ఒక్కటే పోస్తే ఏమీ కాలేదు. దిసమొల పురుగు ఒక్కటే పోతే ఏమీ కాలేదు. రెంటినీ కలిపిన చోటే చావు పుట్టింది. ఆ కలిపిన చెయ్యి తనది.

ఆ మధ్యాహ్నమే డాక్టరు గారి ఇంటికి వెళ్ళి, మిగులు పోసింది మొదలు ఎలకల దాకా అంతా చెప్పేశాడు. తిడతారనుకున్నాడు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, కళ్ళు మెరిశాయి.

"ఏమిటీ, మూడో బోను చచ్చిందా? ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ముప్పై ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఒకాయన అచ్చం ఇదే చేసి చూపించాడయ్యా. చదివాను. చదివిందాన్ని నా ల్యాబులో నేనే ఊహించలేకపోయాను. ఆ చచ్చిన పురుగు పగిలి, అందులోని డి.ఎన్.ఏ. అనే పోగు రసంలో తేలుతూ ఉంటుంది. ఒళ్ళు ఎలా కట్టుకోవాలో రాసి ఉన్న పోగు అది. అరవై డిగ్రీలకు పురుగు చస్తుంది గానీ పోగు చావదు. బతికున్నది దాన్ని లోపలికి లాక్కుని తనలో కలిపేసుకుంటుంది. అందులో తొడుగు కుట్టే విద్య ఉంటే, ఆ విద్యా వచ్చేస్తుంది. పిల్లలకీ వస్తుంది."

"ఎందుకు లాక్కుంటుందండీ? దానికేం అవసరం?"

"అదే ఎవరికీ తెలీదు. ఆకలేసి తింటుందని కొందరు. తన పోగు ఎక్కడన్నా తెగితే అతుకు వేసుకోవడానికని కొందరు. కొత్త విద్య కోసమని ఇంకొందరు. నాకైతే మొదటి రెండే నిజమనిపిస్తాయి. పాపం దానికి విద్యలేం తెలుసు? ఏదో ఒక లోటు తీర్చుకోవడానికి దొరికింది పుచ్చుకుంటుంది. దాంతో పాటు ఏమొస్తుందో దానికీ తెలీదు."

సంజీవరావుకు పంచలో పరిచిన చీర ముక్కలు గుర్తొచ్చాయి. దిసమొల జాతి నలతగా ఉండటం, తను దానికి గంజి పోయడం గుర్తొచ్చాయి.

"మరి ఆదెమ్మక్క సంగతండీ?"

డాక్టరు గారి ముఖంలో వెలుగు కాస్త తగ్గింది. "కమిటీకి రాసేశానయ్యా. వాళ్ళు తీర్మానం కూడా చేశారు. ఇప్పుడు వెళ్ళి, చచ్చిన మందువల్ల జబ్బు చేసిందంటే ఆ మిల్లు షావుకార్లకు ఏం అర్థమవుతుంది? టీకాలే ఆపేయమంటారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ప్రకృతి చమత్కారం. ఇద్దరం కలిసి పత్రికకు రాద్దాం. నీ పేరు కూడా వేస్తాను. ఆవిడకు ఇంకెక్కడన్నా పని చూద్దాంలే."

పత్రికలో తన పేరు! సంజీవరావు మామూలు మనిషి, ఆ మాటకు ఒక్క క్షణం ఒళ్ళు పులకరించింది. "ఆలోచించి చెబుతానండి" అని వచ్చేశాడు.

సోమవారం వార్డుకు వెళ్ళాడు. నాంచారమ్మకు జ్వరం దిగింది. ప్రక్కటెముకల సందున గొట్టం వేసి చీము తీస్తున్నారు. కళ్ళు తెరిచి, "మేస్టారూ" అని సన్నగా పిలిచింది. పక్కనే పానకాలు తడిగుడ్డతో కూతురి పాదాలు తుడుస్తున్నాడు.

"గండం గడిచిందంటున్నారయ్యా. మీ దయ. ఆ సీసా కాసే మనిషి నిద్రపోయిందటగా! దాని చేతులు పడిపోను. దాని కునుక్కి నా బిడ్డ ఊపిరి పోబోయింది. ఇక్కణ్ణుంచి వెళ్ళేటప్పుడు శాపనార్థాలు పెట్టి మరీ పోతాను దాని గుమ్మం ముందు."

సంజీవరావు మంచం పట్టె పట్టుకున్నాడు. "ఆవిడ నిద్రపోలేదు పానకాలు గారూ" అన్నాడు. "సీసా సరిగ్గానే కాచింది. పారబొయ్యాల్సిన మందుని గొట్టాల్లో పోసింది నేను. ఎవరికీ చెప్పకుండా పోశాను. మింగితే ఏం కాదని నవ్వింది కూడా నేనే."

పానకాలు చేతిలో గుడ్డ ఆగిపోయింది. "మా పిల్ల ఉత్తరాల్లో మీ గురించే రాసేదయ్యా. ఇన్నాళ్ళూ మీరు రోజూ వచ్చి మా పక్కన నిలబడ్డారే!"

నాంచారమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రమే కమిటీకి తన చేత్తో కాగితం రాసి, రిజిస్టరులో "పారబోయడమైనది" అన్నది కొట్టేసి "విద్యార్థుల గొట్టాల్లో పోశాను" అని రాసి సంతకం పెట్టాడు. డాక్టరు గారు చూసి తల పట్టుకున్నారు గానీ అడ్డు చెప్పలేదు. నెలాఖరుతో సంజీవరావును మానెయ్యమన్నారు. ఆదెమ్మను రమ్మన్నారు.

ఆ కబురు తనే చెబుతానని రిజిస్టరు చంకన పెట్టుకుని పల్లెకు వెళ్ళాడు. చెప్పొద్దూ, మనసు తేలిగ్గానే ఉంది. ఎంతైనా నిజం చెప్పాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆదెమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని "తమ్ముడూ" అంటుందని దారి పొడుగునా అనుకున్నాడు.

రెబ్కాకు రెండు రోజుల కిందట ఆడపిల్ల పుట్టింది. బొంత మీద పడుకోబెట్టారు. పంచలో కూచుని ఆయన అంతా చెప్పాడు. గొట్టాలు, మిగులు, తొమ్మిది ఎలకలు, మొదటి బోను, మూడో బోను. చచ్చిన పురుగు పోగుని బతికున్నది అతుకు వేసుకోవడం కూడా చెప్పాడు. ఆవిడ బిడ్డకు ఈగలు తోలుతూ విన్నది.

"మొదటి బోను చావలేదు గనక నేను సరిగ్గా కాచినట్టు తేలిందంటావు."

"అవునక్కా."

"ఆ పళ్ళెం సంగతి గుర్తొచ్చిందా?"

సంజీవరావు చంకలోని రిజిస్టరు ఒళ్ళోకి తీసుకున్నాడు. "పళ్ళెం మీద ఏమీ మొలవలేదు."

"ఎక్కడన్నా రాసి పెట్టావా?"

రిజిస్టరు తెరిచి ఆ పంక్తి చూపించాడు. ఆవిడ చెయ్యి చీరకు తుడుచుకుని, అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇదేనా? ఏమని ఉంది?"

"పెరుగుదల లేదు అని."

"ఎప్పుడు రాశావు?"

"నువ్వు సీసా కాచిన మూడో రోజు."

"అంటే, నన్ను డాక్టరు గారి గదిలో నిలబెట్టిన రోజుకి ఇది రాసే ఉంది. నువ్వు ఇక్కడ కూచుని గుర్తు లేదన్న రోజుకీ ఉంది."

"ఉంది."

ఆదెమ్మ వేలు ఇంకా ఆ పంక్తి మీదే ఉంది. బిడ్డ కదిలితే రెండో చేత్తో జోకొట్టింది. కోపం కూడా లేదు ఆ ముఖంలో, తెలియనిది తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది.

"మరి ఎలకలెందుకయ్యగారూ?"